యోసేపు ఊరివాళ్లు

మణుగూరు నుంచి పినపాక వెళ్లే బస్సులో ఆయన నా పక్కన కూర్చున్నప్పుడే నాకు నచ్చలేదు. చేతిలో సంచి కూడా లేదు. ఎవరు బస్సెక్కినా తల దించుకుంటున్నాడు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా అడవి దారిలో అందరికీ అందరి మీదా అనుమానమే. పోలీసుల మనిషా, అడవిలోని అన్నల మనిషా? బ్యాగు ఒళ్లోకి లాక్కుని, ఆగమన కాలపు ధ్యానాల పుస్తకం తెరిచాను. క్రిస్మస్ దగ్గరపడింది.

ఆయన పేజీలోకి తొంగి చూశాడు. "ఏంది సదువుతున్నవమ్మా?"

"ఇయ్యాల్టి సువార్త. పెళ్లికి ముందే మరియ కడుపుతో ఉందని యోసేపు అనుమానపడ్డడు. దేవదూత కలల కనబడి, ఆమె తప్పేం లేదని చెప్పిండు," అన్నాను ముక్తసరిగా.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "యోసేపుకు చెప్పిండు, సరే. ఊరోళ్లకెవరు చెప్పిండ్రు?"

నేను పుస్తకం మూశాను.

"మొన్న నన్ను పట్టుకపోయి స్టేషన్ల కూసోబెట్టిండ్రు. పొద్దుగాల ఇడిసిండ్రు. ఒంటి మీద దెబ్బ గూడ లేదు. ఎవ్వరి పేరు చెప్పలేదంటే మా ఊర్ల నమ్ముతరా?"

నేను బ్యాగును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

తన ఊరు రాకముందే, అడవి మధ్యలో బస్సు ఆపించి దిగాడు. "నీ స్టేజీ ముందుంది గదా," అన్నాడు కండక్టర్. "అవ్, తెలుసు," అని, రోడ్డు వదిలి చెట్లలోకి నడిచాడు.

ఇప్పటికీ ఆ సువార్త వచ్చిన రోజు, యోసేపు నిద్రలేచి మరియను ఇంటికి తీసుకువెళ్లాడన్న మాట దాకా చదివి ఆగుతాను. ఆ వీధిలో తలుపులు తీసి చూసినవాళ్లు ఏమనుకున్నారో అక్కడ రాసి లేదు.