కడప మీద రంపం

ఎండలు ముదిరిన రోజుల్లో మా అత్తమ్మ నీళ్లు తాగడం దాదాపు మానేసింది. మంచం పక్కన పెట్టిన చెంబు పెట్టినట్టే ఉండేది. పెదాలు ఎండి పగిలాయి. "దూపైతలేదా అత్తమ్మా?" అంటే "ఐతలేదు తియ్యి" అనేది. అబద్ధాలు పట్టడంలో నేను గట్టిదాన్నే గాని, ఈ అబద్ధం పట్టడానికి నాక్కూడా కొంత సమయం పట్టింది.

ఎనభైల చివర మేం రామన్నపేటలో ఉండేవాళ్లం. పాత పెంకుటిల్లు. బాత్రూం వాకిట్లో ఓ మూల. ఇంటికీ వాకిలికీ మధ్య ఒకటే దర్వాజ, దాని కింద జానెడుకు మించిన కడప. గడపను మా వైపు కడప అంటారు. అంతకుముందు చలికాలంలో అత్తమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నల్గొండ దవాఖాన నుంచి తెచ్చాక చేతికర్ర పట్టుకుని నడవగలిగేది గాని, ఆ కాలు నేల మీద ఈడ్వడమే తప్ప పైకి లేవదు. కడప దాటాలంటే మా ఆయన ఎత్తుకుని దాటించాలి. కన్నకొడుకే. అయినా బాత్రూంకు కొడుకు చేతుల మీద పోవడమంటే ఆమెకు చచ్చినంత పని. అందుకని నీళ్లే మానుకుంది. సంగతి తెలిశాక నాకు కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోటల్లా నాకు ముందు కోపం వస్తుంది.

ఆ దర్వాజ చేసిన వడ్లాయన మా వాడలోనే ఉండేవాడు. మా ఇంట్లో నాగలి నుంచి మంచం కోడు దాకా అన్నీ ఆయన చేతివే. వరసకు నాకు మామ. పిలిచి, "ఈ కడప కోసెయ్యి మామా" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పసుపు రాసి, జాకెట్ ముక్క కట్టి, నా చేతులతోని ఎత్తిన దర్వాజ కోడలా. దాని కడప కోస్తే ఇల్లుంటదా?"

"ఇల్లుంటది గాని మనిషే ఉండేటట్టు లేదు మామా."

"నాతోని గాదు. ఇంకేదన్న పని చెప్పు" అని బాడిశ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

సరే పో, నువ్వు కాకపోతే ఊళ్లో మనిషే లేడా అనుకున్నాను. బజారులో కుర్చీలు, కిటికీలు చేసే సాయబు మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. రేపొస్తా అన్నాడు. ఆయన రేపు కోసం తిరిగి తిరిగి నా చెప్పులరిగాయి. చివరికి దుకాణం ముందే నిలబడి, "భాయ్, మీ రేపు ఏ నెలల వస్తది?" అని గట్టిగా అడిగాను. పక్క దుకాణాల వాళ్లు నవ్వారు. మర్నాడు పొద్దున్నే రంపం పట్టుకుని వచ్చాడు.

రంపం కడపకు ఆనించాడో లేదో, మంచంలోంచి అత్తమ్మ కేక. "ఎవడ్రా నా కడప మీద రంపం పెట్టేది! శుక్రారం శుక్రారం పసుపు రాసిన కడప! నేను పోయినంక కోసుకోండ్రి!"

మిస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏందమ్మా, పెద్దమ్మను అడగలేదా?"

"అడిగితే ఒప్పుకునే మనిషా?" అన్నాను.

ఈలోగా కబురు ఎలా అందిందో గాని వడ్లాయన ఉరికొచ్చాడు. మా దగ్గర దర్వాజ ఎత్తినవాడు బతికుండగా దాని మీద మరొకరు ఉలి పెట్టకూడదు. పెడితే అతని తల తీసేసినట్టే లెక్క.

"నా దర్వాజ కాడ నీకేం పని?"

"నువ్వు చెయ్యనంటివంట గద. జర పక్కకు జరుగు."

"నేను చెయ్యనంటే నువ్వు చేస్తవా?"

కడపకు అటొకరు ఇటొకరు నిలబడి కొట్లాడుకుంటుంటే, నేను ఇద్దర్నీ కలిపి తిట్టాను. మా అందరి గొంతుల్నీ మించి అత్తమ్మ గొంతు లేచింది. "కొయ్యనీకి ఒకడు, కొయ్యద్దననీకి ఒకడు! కాలు లేస్తలేదు మొర్రో అంటే, నేల లేపుదామన్న బుద్ధి ఒక్కనికన్న పుట్టిందా!"

తిట్టుగానే అంది. కానీ ఇద్దరూ నోళ్లు మూసి కడప వైపు చూశారు. మిస్త్రీ వంగి జానతో ఎత్తు కొలిచాడు. వడ్లాయన గడ్డం గోక్కున్నాడు. లోపలొక పలక, బయటొక పలక, రెండూ ఏటవాలుగా కడప అంచుకు ఆనేట్టు బిగిస్తే చాలు, కోసే పనే లేదు. ఇక ఎవరు చెయ్యాలన్నది పంచాయితీ. చివరికి ఇంటి లోపలి పలక వడ్లాయనకు, వాకిటి పలక మిస్త్రీకి పంచాను. పని అయ్యేదాకా "నీది ఊగుతాంది" అని ఒకరు, "నీది వంకరున్నది" అని ఒకరు. చేతికర్ర జారకుండా పలకల మీద ఉలితో గాట్లు పెట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

పలకలు బిగించాక అత్తమ్మ లేచింది. ఎవరూ పట్టుకోవద్దంది. కర్ర పొడుచుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ లోపలి పలక ఎక్కింది. కడప దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది మా బుర్రలకు. కాలు లేవదు. లేవకపోతే కడప తొక్కాలి. పుట్టి బుద్ధెరిగి ఆమె కడప తొక్కింది లేదు, ఎవర్నీ తొక్కనిచ్చిందీ లేదు. పెళ్లయిన కొత్తలో నేను ఆదమరిచి కాలు పెడితే పూటంతా తిట్టింది. ఇంతమందిమి ఇన్ని కొలతలు కొలిచి, ఆ ఒక్క సంగతి మరిచాం. వడ్లాయన నాలుక కరుచుకున్నాడు. మా ఆయన ఎత్తుకుందామని ముందుకొస్తే, అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

దర్వాజ పట్టుకుని, కిందికి చూస్తూ, పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఇన్నేండ్లు నీకు పసుపు పెట్టిన. ఒక్కనాడు కాలు తాకనియ్యలె. గిప్పుడు నా కాలు లేస్తలేదమ్మా. జర ఓర్సుకో."

కాలు ఈడ్చింది. కడప మీది పసుపు చెరుపుకుంటూ పాదం అవతలి పలక మీదికి పోయింది. తర్వాత ఆమె వాకిలి దాటి బాత్రూంలోకి వెళ్లింది. లోపలి నుంచి గడియ వేసుకున్న చప్పుడు మాకందరికీ వినిపించింది. నాకు కోపం రాకుండానే ఏడుపొచ్చింది.

తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది. చెంబెత్తి గటగటా తాగేసి, ఖాళీ చెంబు నా ముందుకు చాపింది. "గట్ల చూస్తవేందే? నీళ్లు తేపో."