కొత్త పిస్తోలుకు తగిలిన దిష్టి

కోవిడ్ తర్వాత రేంజ్ మళ్లీ తెరిచిన ఏడాది, ఖరీఫ్ చివరి వారాల్లో, ఒమన్ దేశపు సలాలాలోని ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో నేను ఆర్మరర్‌గా చేరాను. అక్కడ ఖరీఫ్ అంటే మన పంటల కాలం కాదు, కొండలు పచ్చబడే వానజల్లుల కాలం. అంతకుముందు మన సైన్యంలో ఇదే పని చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే తుపాకులు కాల్చేవాడని మా శ్రీకాకుళం చుట్టాలు ఇప్పటికీ అనుకుంటారు. కాల్చేది వేరేవాళ్లు. పేలాల్సినప్పుడు పేలేటట్టు, పేలకూడనప్పుడు పేలకుండా ఉండేటట్టు చూడటం ఆర్మరర్ పని. క్లబ్బులో అందరూ నన్ను ఉస్తాద్ అనేవారు. ఆ పిలుపు నాకు బాగానే నచ్చింది.

కొత్త ఆయుధం ఏది వచ్చినా ముందు నా బల్ల మీదికి రావాలి. లైసెన్సులోని నంబరు, దాని మీద చెక్కిన నంబరు ఒకటేనా, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందా, ట్రిగ్గర్ కిలో బరువుకు తట్టుకుంటోందా అని చూస్తాను. తర్వాత స్వయంగా కాల్చి చూసి ‘ఫిట్’ అని సంతకం పెడితేనే అది పోటీకి వెళ్తుంది. ‘అన్‌ఫిట్’ అన్నానా, చేసినవాళ్ల దగ్గరికి విదేశానికి తిరిగి పోవాల్సిందే. పోలీసు అనుమతులన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

షమ్సా ఆ ఊళ్లోనే స్కూలు టీచరు, మా క్లబ్బు సభ్యురాలు. గురి గొప్పది, చేయి చిన్నది. క్లబ్బు పిస్తోళ్ల పిడి ఆమెకు మరీ లావై, కాసేపటికే మణికట్టు వణికేది. అందుకని చేతి కొలతలు పంపి, యూరప్‌లో ఒక పనివాడి దగ్గర పాయింట్ టూ టూ అనే చిన్న తూటాలు పట్టే సెమీ ఆటోమేటిక్ ఒకటి చేయించుకుంది. సెమీ ఆటోమేటిక్‌లో ప్రతి తూటాకూ ట్రిగ్గర్ నొక్కాల్సిందే గానీ, ఖాళీ తూటాను బయటకు నెట్టి కొత్తదాన్ని ఎక్కించే పని పైనుండే స్లైడ్ తనంతట తానే చేసుకుంటుంది. మస్కట్‌లో జట్టు ఎంపికలు ఆ వారాంతంలోనే. పిస్తోలు చేతికొచ్చింది జట్టు బయల్దేరే ముందు రోజు సాయంత్రం. అనుమతి తీసుకుని రాత్రికి ఇంట్లో ఉంచుకుని, పొద్దున్నే వాళ్లమ్మను వెంటబెట్టుకుని తెచ్చింది. ఆ పెద్దావిడను క్లబ్బులో అందరూ ఖాలా అంటారు, అంటే పిన్ని.

పెట్టె తెరవగానే నాకు పండగ వచ్చినట్టయింది. వాల్‌నట్ చెక్క పిడి, దాని మీద షమ్సా వేళ్లకు సరిగ్గా సరిపోయే గుంటలు. నా చేయి అందులో ఇమడలేదు, చిటికెన వేలు బయటే ఉండిపోయింది. స్లైడుకూ కింది ఫ్రేముకూ మధ్య కాగితం దూరే సందు లేదు. ఖాళీ చాంబర్ మీద నొక్కి చూస్తే ట్రిగ్గర్ లేత చిక్కుడుకాయ తుంచినట్టు టక్కున పలికింది. ఎన్నో చూశాను గానీ ఇంత చక్కటి పనితనం చూడలేదని హిందీలో, నాకొచ్చిన అరబీలో, ఆపుకోలేక తెలుగులో కూడా పొగిడాను. ‘మాషా అల్లా’ అనడం మాత్రం మరిచాను. ఒమన్‌లో కొత్త వస్తువును గాని పసిబిడ్డను గాని మెచ్చుకుంటూ ఆ మాట అనకపోతే దిష్టి తగులుతుందంటారు. ఫ్లాస్కులోంచి కహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోస్తున్న ఖాలా ఆగి, నన్ను ఎగాదిగా చూసింది.

రేంజ్‌లో నేను కాల్చిన మొదటి తూటా గురి నడిమధ్యన పడింది. రెండోది దాని పక్కనే. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా గోరంత వెనకే ఆగిపోయింది. మ్యాగజైన్ మార్చాను. తూటాల రకం మార్చాను. అయినా రెండు పేలడం, మూడోది మొరాయించడం.

“ఉస్తాద్ కన్ను పడింది” అంది ఖాలా, కోపమేమీ లేకుండా. షమ్సా ఆవిడను ఊరుకోమంది గానీ నా వైపు మాత్రం చూడలేదు.

క్లబ్బు కార్యదర్శి మేజర్‌గా రిటైరైన ఒమనీ. ఆయన వచ్చి, మధ్యాహ్నం నమాజు లోపల ఏదో ఒకటి తేల్చమన్నాడు, ఆ తర్వాత జట్టు సామాను బయల్దేరుతుందట. షమ్సా క్లబ్బు పాత పిస్తోలు తీసుకుని చేయి చాచి నిలబడింది. దాని కొన అప్పుడే అటూ ఇటూ ఊగుతోంది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది.

కొత్తదాన్ని వర్క్‌షాపులో విప్పి బల్ల మీద పరిచాను. విరిగింది లేదు, వంగింది లేదు. రేంజ్ మీద డ్యూటీకి వచ్చే నర్సు సుగుణ, నరసాపురం అమ్మాయి, టీ పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగింది.

“అన్నయ్యగారూ, ఇక్కడ సాంబ్రాణేసారేంటండీ?”

నేనెందుకు వేస్తానన్నాను. తుపాకులు కడిగే ద్రావకాల మధ్య ఏళ్లు గడిపిన ముక్కు నాది, దానికి సగం వాసనలు అందవు.

“మరి దాన్నుంచే వత్తందండీ. మేం చర్చికెళ్లేవాళ్లం, ఇంట్లో ఏసుకోం గానీ, పక్కింటోళ్లేత్తే తెలవదేంటండీ?”

తెల్లగుడ్డతో స్లైడ్ లోపల తుడిచాను. పసుపుపచ్చటి జిగురు అంటుకుంది. షమ్సాను లోపలికి పిలిచి గుడ్డ చూపించాను. వాసన చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. లుబాన్. సలాలా కొండల్లోని చెట్ల నుంచి తీసే ధూపపు బంక అది, మన సాంబ్రాణికి అన్న వరస. దిష్టి తగలకూడదని ఖాలా రాత్రి పెట్టె తెరిచి, కొత్త బట్టలకు పట్టినట్టు పిస్తోలుకు తనివితీరా పొగ పట్టిందట. స్లైడ్ వెనక్కి లాగి, లోపల కనబడేటట్టు తెరిచి ఉంచి పెట్టెలో పెట్టాలని గోడ మీద నియమం అంటించింది సాక్షాత్తూ నేనే. అలా తెరిచి ఉన్న స్లైడులోంచి పొగ లోపలికి పోయి, నూనెతో కలిసి జిగురైంది. వదులుగా ఉండే మా సైన్యం పిస్తోలైతే లెక్కచేసేది కాదు. ఇది అంత బిగువైనది, పైగా చిన్న తూటా, స్లైడును నెట్టే బలం తక్కువ.

“అమ్మకు చెప్పకండి ఉస్తాద్, బాధపడుతుంది” అంది షమ్సా.

కడిగి, తుడిచి, నూనె చుక్కలు వేసి, రెండు మ్యాగజైన్లు ఆగకుండా కాల్చాను. ఒక్కటీ మొరాయించలేదు. నాకు ఎంత ఆనందమేసిందంటే, సంతకం పెట్టాక బయటికొచ్చి రేంజంతా వినబడేటట్టు మాషా అల్లా అన్నాను.

“పోయిందా?” అంది ఖాలా.

పోయిందన్నాను. ఆవిడ సంతోషంగా సంచిలోంచి ఇంకో లుబాన్ పొట్లం తీసింది. నేను పిస్తోలు పెట్టెకు అడ్డం నిలబడ్డాను. కన్ను ఇనుము మీద పడదనీ, కాల్చే చేతి మీద పడుతుందనీ, పొగేదో అమ్మాయికి వేస్తే మంచిదనీ నాకు తోచిన శాస్త్రం చెప్పాను. ఆవిడ నన్ను కాసేపు చూసి సరేనంది. షమ్సా నఖశిఖపర్యంతం ఘుమఘుమలాడుతూ మస్కట్ వెళ్లింది. పిస్తోలు ఒక్కసారీ ఆగలేదు. జట్టులో చోటు దొరికింది.

అప్పటి నుంచి నా తనిఖీలో ఒక ప్రశ్న చేరింది. నంబరు చూడకముందే ‘ఇంట్లో దీనికి ఏం చేశారు?’ అని అడిగేవాణ్ని. ఏమీ చేయలేదనే అందరూ అనేవారు. రెండో కప్పు కహ్వా లోపలికి పోయాక ఒకరు కొబ్బరినూనె రాశామనీ, మరొకరు అత్తరు చల్లామనీ బయటపడేవారు. ఆయుధం చేసినవాడి దగ్గర్నుంచి నేరుగా ఆర్మరర్ బల్ల మీదికి రాదు, మధ్యలో ఒక ఇల్లు ఉంటుంది. ఈ సంగతి నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

ఉద్యోగం చాలించి వచ్చేటప్పుడు ఖాలా నాకు ఒక డబ్బా నిండా మేలు రకం లుబాన్ ఇచ్చింది. మూత గట్టిగా బిగించి, నా చేతిలో పెడుతూ, “ఇనుముకు దూరంగా ఉంచు, ఉస్తాద్” అంది.

ఆవిడకు ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. డబ్బాను పనిముట్ల సంచిలో కాకుండా బట్టల పెట్టెలో సర్దుకున్నాను.