కుడితి గోలెంలో కప్పతల్లి

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. అప్పటికి నేను సూర్యాపేట దగ్గర, చివ్వెంల దిక్కు పల్లెలో కొత్త కోడలిని. మా పుట్టిల్లు కోదాడ. మృగశిర కార్తె ఎండల్లోనే పోయింది. మా పొలానికి పోసిన నారుమడి బావి అడుగు నీళ్ళతో బతుకుతూ కొసలు పసుపెక్కుతోంది. మా ఆయన రోజూ గట్టు మీద కూర్చుని దాన్ని చూసి వచ్చేవాడు. ఒక పొద్దున గొంగడి దులుపుతూ వాళ్ళమ్మతో చెప్పాడు.

“ఆరుద్ర పోయేదాక సూస్త, అవ్వా. పడకుంటే ఎడ్లనమ్మి మిర్యాలగూడ పోత. గాడ బియ్యం మిల్లుల మూటలు మోసే పని ఉన్నదట.”

ఎడ్లు పోతే సేద్యం లేదు, సేద్యం లేని ఊరికి మగవాడు తిరిగి రాడు. అలా వెళ్ళి రాని వాళ్ళ పెళ్ళాలు మా వాడలోనే ఉన్నారు. వాళ్ళలో ఒకతెనవుతానని నాకు భయం పట్టుకుంది.

వానలు పడకపోతే మా వైపు ఆడవాళ్ళు కప్పతల్లి ఆడతారు. కప్పను తడిగుడ్డలో వదులుగా కట్టి, వేపమండలతో సహా రోకలికి వేలాడదీసి, ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోకలిని భుజాన మోస్తారు. ఇంటింటి ముందూ ఆగితే ఇల్లాలు వచ్చి కప్ప మీద నీళ్ళు పోస్తుంది. మామూలు ఏళ్ళలో ఆట అయ్యాక కప్పను ఏ గుంటలోనో వదిలేసేవాళ్ళు. ఆ ఏడు గుంటలూ లేవు, కప్పలూ లేవు. ఊరంతా వెతికితే మా బావి రాళ్ళ సందులో ఒక్కటి దొరికింది. రోజుకో వాడ తిరగాలి, వాన పడేదాకా అది చావకూడదు, చస్తే ఊరికే అరిష్టం అన్నారు పెద్దవాళ్ళు. బావి మాది గనుక దాన్ని సాకే పని మా ఇంటి మీద పడింది. మా అత్త ఆ పనిని నా మీద వేసింది.

కప్పను పెంచే విద్య ఎవరికుంటుంది, నాకుండడానికి? కాకపోతే కోదాడలో మా దొడ్డి పక్కనే కాలువ పారేది. కప్ప ఎంతసేపూ నీళ్ళలోనే ఉండదనీ, ఒంటికి తడీ, కూర్చోడానికి గట్టూ రెండూ కావాలనీ అక్కడ చూసినదాన్ని. ఎడ్లు కుడితి తాగే మట్టి గోలెం కడిగి, ఒక పక్క నల్లమట్టి గడ్డలు పేర్చి గట్టు చేశాను. రెండో పక్క జానెడు లోతు నీళ్ళు. కప్ప ఎక్కి దిగడానికి మధ్యలో ఏటవాలుగా ఒక పెంకు పెట్టాను. ఎండకు దాక్కోవాలి కదా అని పగిలిన అటిక కుండ ఒకటి బోర్లించాను. ఇక మొక్కలు. బావిలోకి దిగి తడి ఉన్నచోట తుంగ దుబ్బు ఒకటి వేళ్ళతో సహా పెకిలించాను, మెట్టుకు పట్టిన నాచు చేత్తో గీకాను. దొరికిన నాలుగు పొన్నగంటి కాడలు గట్టు మీద గుచ్చాను.

మా అత్త వచ్చి చూసి మూతి విరిచింది.

“ఏందే గిది, ఎడ్లకు మేతేసినట్టున్నది. తల్లి ముంగట తులసుండాలె, వేపాకుండాలె.”

“తులసి నీళ్ళల్లో బతకదు అత్తమ్మా. వేపాకు మురిగితే నీళ్ళు చెడిపోతాయి. తుంగైతే వేళ్ళు పట్టుకుంటుంది.”

“పట్టుకుంటుందట. కోదాడ మాటలు మస్తుగ నేర్సినవ్.”

అని ఊరుకుంటే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి గోలెం లోపలా బయటా తడి సున్నం పూసి, ఎర్రటి జాజు పట్టెలు దిద్ది ఉంది. బోనం కుండకు చేసే సింగారమంతా దానికి చేసింది. తల్లి ఉండే ఇల్లు బోడిగా ఉంటే వాన ఎట్లా వస్తుందని ఆవిడ బాధ. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది. తెచ్చిన నీళ్ళు గట్టు అంచు దాకా పోసి, కప్పను అందులో వదిలాను.

మర్నాడు పొద్దున కప్ప పెంకు మీద ముడుచుకుని ఉంది. ఒళ్ళు ఎండిన బెండకాయలా అయిపోయింది. నీళ్ళ వైపు తోస్తే దిగదు. ఏమైందో చూద్దామని నీళ్ళలో చెయ్యి పెట్టాను. కొడవలికి తెగిన వేలు భగ్గున మండింది. సున్నం కరిగి నీళ్ళలో కలిసిపోయింది. మనిషి చర్మానికే అంత మంట అయితే దానికెంతో.

ఇంట్లో ఉన్నవి ఒక్క కడవెడు తాగే నీళ్ళు. మా బావి అడుగు నీళ్ళు నారుకే చాలవు, ఇవి పక్క ఊరి బావి నుంచి మోసుకొచ్చినవి. ముందూ వెనకా చూడకుండా చెంబుతో ముంచి కప్పను కడిగాను. గోలెం బోర్లించి, సున్నమంతా గీకి, మట్టి మార్చి, మళ్ళీ తుంగ నాటి, మిగిలిన నీళ్ళన్నీ అందులో పోశాను. తలెత్తితే ఎదురుగా మా అత్త. ఖాళీ కడవ వైపు చూసింది. కడవ చంకనెత్తుకుని ఆ ఎండలో తానే పక్క ఊరికి బయల్దేరింది. నేను గోలెం పక్కన కూలబడి ఏడ్చాను. కప్ప అరిస్తే వాన వస్తుందంటారు. ఒక్కసారి అరువు తల్లీ, ఒక్కసారి అని బతిమాలాను. కప్ప బతికితే మేం బతుకుతామనుకోవడం వెర్రి అని నాకు అప్పుడూ తెలుసు. నమ్మడానికి ఇంకేముంది గనుక.

అది బతికింది. సాయంత్రానికి నీళ్ళలోకి దిగింది. రోజూ రోకలెక్కి వాడలన్నీ తిరిగి వచ్చి నా తుంగలో దూరేది. అరవడం మాత్రం అరవలేదు. ఆరుద్ర పోయింది.

మా ఆయన ఎడ్లను సూర్యాపేట అంగడికి తోలుకుపోతూ గోలెం దగ్గర ఆగాడు. అవి తాగే గోలెం కదా, ఎడ్లు అలవాటుగా మూతులు చాచాయి.

“దీనికైతే ఇల్లు మంచిగ కట్టినవ్” అన్నాడు.

వెక్కిరింత కాదు, మెచ్చుకున్నాడు. అందుకే భరించలేకపోయాను. అంగడి నుంచి అటే మిర్యాలగూడ వెళ్ళిపోయాడు.

ఆ తరవాతి కార్తెలో ఒక సాయంత్రం పొయ్యి ముట్టిస్తుంటే బయట బెకబెకమని చప్పుడు. పరుగెత్తుకొచ్చాం ఇద్దరమూ. మా అత్త గోలెం మీదికి వంగింది.

“ఇప్పుడా అరుస్తవు” అంది. ఆ గొంతులో కోపం లేదు. అడుక్కున్నట్టుంది.

వాన రాత్రంతా కురిసింది. తెల్లవారేసరికి గోలెం నిండి పొర్లింది. కప్ప వెళ్ళిపోయింది. నారుమడిలో సగం ఇంకా పచ్చగానే ఉంది, పొలం నిండా నీళ్ళున్నాయి. దున్నడానికి ఎడ్లు లేవు. ఊళ్ళో ఎవరి ఎడ్లు వాళ్ళకే చాలని రోజు. కాళ్ళతో బురద తొక్కి, పైన మొద్దు లాగి చదును చేస్తే ఒక్క మడైనా నాటొచ్చంది మా అత్త. ఖాళీ కొట్టంలోంచి కాడి తెచ్చింది. మొద్దుకు తాడు కట్టి, కాడి ఒక పక్క తన భుజానికి ఎత్తుకుని నా కోసం చూసింది.

నేను చీర ఎగదోపి రెండో పక్కకు వెళ్ళాను.