జ్ఞానప్రకాశం గుంటలో ఇంటిదొంగ

జువ్వలదిన్నె పక్కన జ్ఞానప్రకాశం రొయ్యల గుంటలోకి వైరస్ రావాలంటే వీసా కావాలి. గట్టు చుట్టూ నీలం వల, కాకులు వాలకుండా పైన దారాలు, దారి మొదట్లో బ్లీచింగ్ నీళ్ల తొట్టి. అందులో కాళ్లు ముంచనిదే కట్టుకున్న భార్యకైనా ప్రవేశం లేదు. పక్క గుంట కౌలుకి చేస్తున్న అల్లావుద్దీన్‌ని మాత్రం, కాళ్లు ముంచినా గట్టెక్కనివ్వడు.

"నీ గుంట శుభ్రం నాకు తెలీదా? ఆడ్నే నిలబడి మాట్లాడు."

ఇంత కాపలా కాసినా రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. గట్టువెంట తేలిన రొయ్యల్ని చూసి జ్ఞానప్రకాశం నిజంగానే ఏడ్చాడు. కళ్లు తుడుచుకోగానే తప్పెవరిదో తేల్చేశాడు. "అల్లావుద్దీన్ నీళ్లు వదిలినాడు, నా గుంట చచ్చింది" అని ఊరంతా చాటాడు. పక్క గుంట ఆసామి కామాక్షయ్య, అది రుజువైతే కౌలు రద్దు చేస్తానన్నాడు. అల్లావుద్దీన్ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది ఆ ఒక్క గుంటే.

రుజువుకేం కరువు? జ్ఞానప్రకాశం నెల్లూరు ల్యాబ్ నుంచి వినీల అనే అమ్మాయిని పిలిపించాడు. రెండు గుంటల్లోనూ వైరస్ జన్యువులు ఒకటేనని తేలితే చాలు. ఆమె రెండు గుంటల రొయ్యలూ తీసుకుని, జ్ఞానప్రకాశం గుంట తూము దగ్గర నీళ్లలో వేలాడుతున్న బుట్ట చూసింది.

"ఇందులో ఏంటండీ?"

"ఎండ్రకాయలమ్మా. ఆదివారం పులుసుకి. బతికుంటేనే గదా రుచి! వాటికేం జబ్బు, రాళ్ల మాదిరి ఉండాయి."

ఆమె ఒక పీత కాలు విరిచి సీసాలో వేసుకుంది.

ఫలితం చెప్పే రోజు జ్ఞానప్రకాశం కామాక్షయ్యనీ పెద్దమనుషుల్నీ కూర్చోబెట్టి ఫోను స్పీకర్లో పెట్టాడు. అల్లావుద్దీన్ దూరంగా తలొంచుకుని నిలబడ్డాడు.

"అల్లావుద్దీన్ గారి రొయ్యల్లో వైరస్ లేదండీ" అంది వినీల. "మీ రొయ్యల్లోదీ, మీ ఎండ్రకాయలోదీ జన్యువులతో సహా ఒకటే వైరస్. ఎండ్రకాయ జబ్బు పడకుండానే దాన్ని మోసి రొయ్యలకు అంటిస్తుంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటాయనే దొంగను బుట్టలో పెట్టి ఆదివారం దాకా సాకాడు. ఎదుటివాడి కంట్లో నలుసు, తన కంట్లో దూలం అన్న వాక్యాన్ని చర్చిలో గంభీరంగా చదివేదీ ఆయనే.

"కౌలు అట్నే ఉంటాదిలే అల్లావుద్దీన్" అని కామాక్షయ్య కండువా దులుపుకుని లేచాడు.

సాయంత్రం జ్ఞానప్రకాశం, తప్పైపోయిందని చెప్పుకోవడానికి అల్లావుద్దీన్ గుంట దగ్గరికి వెళ్లాడు. గట్టెక్కబోతుంటే అల్లావుద్దీన్ చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతులో కోపం లేదు.

"ఆడ్నే నిలబడి మాట్లాడన్నా. నా రొయ్యలింకా బతికుండాయి."