మహమూద్ భాయ్ కొట్టిన పెళ్ళికార్డులు

గురజాల కోర్టు వీధిలో మహమూద్ భాయ్‌ని ఎరగనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు పెళ్ళికార్డులు కొట్టాడు. మంచి మనిషే, ఒప్పుకుంటాను. కానీ అంత మొండిఘటాన్ని ఇంకెక్కడా చూడలేదు. ఎదురు కొట్లో కంప్యూటర్లు బాగుచేసే ఈ జమాల్‌ని, నేను పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, కొత్త కంప్యూటర్ కొనుక్కో భాయ్ అని. వింటేగా! నిరుడు ఆ పాత కంప్యూటర్ మిషన్ కాలిపోయింది. కార్డులన్నీ ఫోన్లలోనే పంపుకుంటున్న రోజులు కదా, ఆయన కూడా షట్టర్ దించేశాడు.

మొన్న వేసవిలో భాయ్ నా కొట్లో కూర్చుని ఉంటే, మాచవరం నుంచి ప్రసన్న అనే ఆవిడ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. భర్త లక్ష్మీనారాయణ పోయి మూడు నెలలు. వేరే కులం పిల్ల అని అతని అన్నకు మొదటినుంచీ కంటగింపు. ఇప్పుడు అసలు పెళ్ళే జరగలేదనీ, తమ్ముడు ఊరికే ఉంచుకున్నాడనీ కోర్టులో రాయించాడు. పెళ్ళి రిజిస్టరు చేయించుకోలేదు. ఫోటోలున్న పెట్టె ఆ అన్న ఇంట్లోనే ఉండిపోయింది.

"యాభై కార్డులే కొట్టించుకున్నామన్నా. ఒక్కటీ మిగల్లా. మీ కంప్యూటర్లో ఉంటదేమో, తేదీతో సహా దొరికితే పట్టుకురమ్మన్నాడు వకీలు."

"ఉంటది తల్లీ. నేనేదీ తుడిపెయ్యను," అన్నాడు భాయ్.

ఆ మాటకి ఆవిడ మొహం విచ్చుకుంది. నాకు ఒళ్ళు మండింది. తుడపకపోతే సరా, తెరవడానికి మిషనేదీ? ఆయన పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌కి అగ్గిపెట్టంత లాక్ ఒకటుంది. దాన్ని కంప్యూటర్ వెనక, పాతకాలం ప్రింటర్లకుండే వెడల్పాటి సాకెట్లో గుచ్చితేనే అక్షరాలు పడతాయి. ఇప్పటి మిషన్లకు ఆ సాకెట్టే లేదు.

పిడుగురాళ్ళ, నరసరావుపేట పాత సామాను కొట్లన్నీ తిరిగి ఒక డొక్కు మిషన్ పట్టుకొచ్చాను. పాత విండోస్ ఎక్కించడానికి ఒక పూట పట్టింది. సాఫ్ట్‌వేర్ సీడీ గీతలు పడిపోయి మూడుసార్లు మధ్యలో ఆగింది. నాలుగోసారి ఎక్కింది. లాక్ పిన్నులకు చిలుము పట్టింది, గీకి గీకి గుచ్చాను. రెండు రోజులూ ప్రసన్న పొద్దున బస్సుకి వచ్చి నా కొట్టు బెంచీ మీద కూర్చునేది. టీ తెప్పించినా తాగేది కాదు.

ఆఖరికి, కాలిన మిషన్లో చెడకుండా మిగిలిన పాత డిస్కు తీసి తగిలించాను.

"ఏ బొమ్మ వేశాను తల్లీ మీకు?"

"వెంకటేశ్వరస్వామి. చెరోపక్కా ఏనుగు."

భాయ్ ఫైలు తెరిచాడు. స్వామి వచ్చాడు, ఏనుగులూ వచ్చాయి. ప్రసన్న ముందుకు వంగి చదివింది. పేర్లు నూజెండ్ల ఊరి వాళ్ళెవరివో. ముహూర్తం ఆరేళ్ళ కిందటిది, ప్రసన్న పెళ్ళికి తర్వాతిది.

"మా పేర్లేవన్నా?"

భాయ్ ఫైలు మూసి మళ్ళీ తెరిచాడు. అప్పటికి గానీ నాకు తట్టలేదు. ఈయన ఏ కార్డూ కొత్తగా కొట్టడు. పాతది తెరిచి, పేర్లూ ముహూర్తమూ మార్చి, దాని మీదే సేవ్ నొక్కి ప్రెస్సుకు పంపేవాడు. పది నిమిషాల్లో కార్డు తయారుచేస్తాడని ఊరంతా మెచ్చుకున్నది ఇందుకే. తుడపలేదు, నిజమే. ఒకరి పెళ్ళి మీద ఇంకొకరి పెళ్ళి రాసుకుంటూ పోయాడు. ముప్పై ఏళ్ళకి డిస్కులో ఉన్నవి పన్నెండు ఫైళ్ళు. అన్నీ తెరిచి చూశాం. లేవు.

"పోనీ మీరు కోర్టుకొచ్చి చెప్పండన్నా, కొట్టింది మీరేనని."

"వేల కార్డులు కొట్టా తల్లీ. నీ మొహం గుర్తులేదు. ప్రమాణం చేయించి అడిగితే ఏం చెప్పేది?"

"అయితే ఇప్పుడు కొట్టివ్వండి. పేర్లు నేను చెప్తా. అబద్ధం కాదుగా, జరిగిన పెళ్ళేగా."

కార్డు అప్పుడే కొట్టినట్టు కనపడేలా కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పడం నాకు నిమిషం పని. తిప్పుదామనే అనుకున్నాను, దాచడమెందుకు. భాయ్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు. "దొంగ కార్డు నా చేత్తో కొట్టలేను తల్లీ."

ప్రసన్న ఏడవలేదు. లేచి సంచీ భుజాన వేసుకుంది.

"మా బావగారూ ఇదే అన్నాడన్నా. కార్డు లేదు, ఎవురికీ గుర్తు లేదు, ఇంక పెళ్ళెక్కడిదీ అని."

ఆవిడ బస్టాండు వైపు వెళ్ళిపోయింది. భాయ్ చాలాసేపు ఆ ఏనుగుల వంకే చూస్తూ కూర్చున్నాడు. నేను వైర్లు ఊడదీస్తుంటే మెల్లగా అడిగాడు.

"ఏరా జమాల్, నిజంగా వాళ్ళకి పెళ్ళయ్యే ఉంటదంటావా?"

నోటికొచ్చినట్టు తిట్టాలనుకున్నాను. కానీ తెర మీదున్న నూజెండ్ల వాళ్ళ పేర్లు చూసి, ఊరికే ఆ వైరు కూడా పీకేశాను.