నాలుగు మూలల పసుపు

సూరత్ అడాజన్‌లోని మా సొసైటీ గేటుకు మొన్న ఒక ఫ్లెక్స్ కట్టారు. తక్కువ కొనండి, భూమిని కాపాడండి అని గుజరాతీలో. ఫ్లెక్స్ కొత్తది. దాంతోపాటు ఇంటికో గుడ్డసంచీ పంచారు. మా ఇంట్లో అలాంటివి ఇప్పటికే పదకొండు ఉన్నాయి కాబట్టి పన్నెండోదానికి తోడుకు లోటుండదు. దాని మడత విప్పుతుంటే నా పెళ్ళి గుర్తొచ్చింది.

నాన్న గోడాదరాలో పవర్‌లూమ్ మీద చీరల గుడ్డ నేసేవాడు. మా వాడ వెనక ఒక మురికివాగు, అక్కడందరూ ఖాడీ అంటారు. రంగుల మిల్లుల నీళ్లన్నీ అందులోకే. ఆ ఏడు ఏ రంగు చీరలు నడుస్తాయో బజారుకన్నా ముందు దానికే తెలిసేది. రోజూ దాని పక్కనుంచే కూరగాయలకు వెళ్లే అమ్మ, నా సంబంధం కుదరగానే, చుట్టాలకు బట్టలు పెట్టేది లేదని తేల్చేసింది. "ఎవ్వరు కట్టని చీరెకు గూడ రంగు పడ్తది గదా. ఆ రంగంత గీ నీళ్లల్లకే వస్తది. ఎందుకు పెట్టాలె?" మగ్గాల చప్పుడుకు నాన్నకు వినికిడి సగం పోయింది గానీ ఈ మాట మాత్రం బాగానే వినిపించింది. "మరి అక్కకు ఎవరు చెప్తరు?" అన్నాడు.

అక్క అంటే కడోదరాలో ఉండే మా మేనత్త. ఊరినుంచి వచ్చిన మమ్మల్ని ఏడాదిపాటు తన ఒంటిగదిలో పెట్టుకుని, నాన్నకు పని ఇప్పించిన మనిషి. ఆడబిడ్డకు చీర పెట్టని పెళ్ళి మావాళ్లలో పెళ్ళే కాదు. "నాకు చీరె పెట్టుడు బరువైందా? తియ్, పెళ్ళి ఫోన్ల చూస్త" అని కబురు పంపింది. అక్క రాని పెళ్ళికి తానూ రానన్నాడు నాన్న. నాకు పెళ్ళికూతురు బాగా నచ్చింది. పర్యావరణం మీద నా అభిమానం ఆ వారం కొంచెం తగ్గింది.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని కడోదరా వెళ్లింది. "వదినె, అల్మరా తియ్యి. కట్టని చీరె ఒక్కటి చూపియ్. అదే నేను పెట్టిననుకో."

"ఒక్కటేంది పిల్లా, దుకానమే ఉన్నది" అని మేనత్త గర్వంగా తెరిచి, ఒక ఆకుపచ్చ చీర విప్పింది. ఒక మూల పసుపు. కొత్తబట్ట ఎవరికైనా పెట్టేముందు మూలకు పసుపు రాయడం మా ఆచారం. రెండో మూలా పసుపే. మూడోదీ. నాలుగో మూల పసుపు వెలిసిపోయి ఉంది. నాలుగిళ్లు తిరిగిందన్నమాట, ఒక్క ఒంటిమీదికీ ఎక్కకుండా.

మేనత్త ఆ వెలిసిన మూలను వెలుతురుకు పట్టి చూసింది. "ఇది మా తోడికోడలుకు నేనే పెట్టిన గదనే! మళ్ల నా ఇంటికే ఎట్లొచ్చె?"

"నీ మీద పాయిరం వదినె. విడిచి ఉండలేకపోయింది."

మేనత్త మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఉన్నట్టుండి నేలమీద కూలబడి నవ్వింది. "ఇగ దీనికి ఐదో మూల లేదు గద. నేనే కట్టుకుంట."

అదే కట్టుకుని, అందరికన్నా ముందు మండపానికి వచ్చింది. ఆ తర్వాత చుట్టాలందరూ మారిపోయారని చెప్పలేను. మా రెండిళ్లలో మాత్రం బట్టలు పెట్టడం ఆగింది. ఖాడీకి ఆ తేడా తెలిసి ఉండదు. మేనత్త ఆ చీర ఎనిమిదేళ్లు కట్టింది. ఆమె పోయాక అమ్మ కడుతోంది. సూరత్ పాలియెస్టర్ మరి, చిరగదు, మట్టిలో కలవదు. ఆ తొందర మనుషులకే. నా పెళ్ళి జరిపించినందుకు అమ్మకూ మేనత్తకూ మనసులో దండం పెట్టుకుంటూ ఉంటాను. అల్మరాలో మడతపెట్టిన ఏళ్లు ఎవరి వయసులోకీ చేరవు. ఒంటిమీద నలిగిన ఏళ్లే మనవి.