పాపకు ఆకలి వేసిన పూట

పాపకు పదహారు నెలలప్పుడు డాక్టరు గొంతు పరీక్షించి, మింగడానికి అడ్డేమీ లేదన్నారు. నెలలు నిండకుండా పుట్టి, పాలు లాగలేక, ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంతోనే బతికిన పిల్ల. ఇంట్లోనే నోటితో తినడం అలవాటు చేయమన్నారు. నెలలోగా తినకపోతే పొట్టకు ఆపరేషన్ చేసి అక్కడ గొట్టం పెట్టాలన్నారు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. డిప్లొమా చదివి అక్కడ పైపులైన్ల పనిలో ఉండేవాణ్ణి. గొట్టంలో ఎంత పోయిందో, నోటితో ఎంత తిందో రాయడానికి కూర్మన్నపాలెంలో మా అద్దె ఇంటి గోడకు గ్రాఫు కాగితం అంటించాను. పొద్దున ఆరు నుంచి మూడేసి గంటలకు ఒకసారి గొట్టంలో నూరు మిల్లీలీటర్ల పాలు. దానికి పావుగంట ముందు జావ. చెంచా ఉడకబెట్టాలి. వేడి మణికట్టు మీద చూడాలి. మూతి వెంటనే తుడవాలి. పన్నెండు రోజులైనా నోటి గడిలో ఒక్క అంకె పడలేదు. చెంచా చూస్తేనే తల తిప్పేసి ఏడ్చేది.

మా అత్తగారు గోపాలపట్నం నుంచి వచ్చి రెండు రోజులు చూసింది.

"బాబూ, ఆకలంటే ఏటో ఆ పసిగుంటకి తెలుసేటి? అడక్కముందే నింపేత్తన్నావు. నిండిన కుండలో ఇంకేటి పోత్తావు?"

"బరువు తగ్గితే?" అన్నాను.

"ఆయనకి సెప్పకమ్మా," అంది నా భార్య. "ఆకలి ఎన్ని మిల్లీలీటర్లని అడుగుతారు."

డాక్టరును అడిగాను. ఒక పూట పాలు ఆపి చూడండి, నీరసపడితే వెంటనే తీసుకురండి అన్నారు.

మర్నాడు సెలవు పెట్టాను. తొమ్మిది గంటల పాలు ఆపాం. నాలుక తడిగా ఉందా, కళ్ళు చురుగ్గా ఉన్నాయా, గుడ్డ తడిపిందా అని చూసుకుంటూ తిరుగుతూనే ఉన్నాను. పన్నెండయ్యేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను పాలు కాచబోయాను. అత్తగారు పాపను ఎత్తుకెళ్ళి తన కంచం ముందు కూర్చోబెట్టుకుంది. అప్పటిదాకా శుభ్రత కోసమని పాపకు మంచం మీదే పట్టి, మేం వంటింట్లో తినేవాళ్ళం. మనిషి నమలడం ఆ పిల్ల దగ్గరగా చూడనే లేదు.

అత్తగారి నోటినే చూస్తూ పాప పప్పన్నంలో చెయ్యి పెట్టింది. బుగ్గకూ జుట్టుకూ రాసుకుంది. తుడవడానికి లేచాను.

"కూకో బాబూ."

పాప వేళ్ళు నోట్లో పెట్టుకుంది. ఓకరించింది. నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాప మళ్ళీ పెట్టుకుంది.

ఎంత లోపలికి పోయిందో కొలిచే దారి లేదు. సగం నేల మీదే ఉంది. మూడు గంటలకు గొట్టంలో పాలు పోశాం.

నెలాఖరుకు బరువు నూటయాభై గ్రాములు తగ్గింది. రోజూ ఏదో ఒకటి నాకుతోందని విని డాక్టరు, "ఆపరేషన్ ఇప్పుడొద్దు, ఇంకో నెల చూద్దాం" అన్నారు. తిరుగు బస్సులో తల్లీపిల్లా నిద్రపోయారు. ఆ నూటయాభై గ్రాములూ ఎన్ని రోజుల్లో తిరిగొస్తాయో దారి పొడుగునా నేను లెక్క వేస్తూనే ఉన్నాను.